హింసించలేదు సరే, కాపాడారా?

యూదుల ప్రస్తావన వస్తే చాలు, మనవాళ్ల ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. "లోకమంతా వాళ్లను తరిమింది, మనం అక్కున చేర్చుకున్నాం" అంటారు. సభల్లో అంటారు, విందుల్లో అంటారు, ఇజ్రాయెల్ నుంచి ఎవరైనా పెద్దమనిషి దిగితే మరింత గట్టిగా అంటారు. ఈ మాటలో అబద్ధం పెద్దగా లేదు. 1662లో కొచ్చి సినగాగ్‌ను పాడుచేసినవాళ్లు పోర్చుగీసువాళ్లు. పక్కనే ఉన్న మలయాళీ హిందువో, ముస్లిమో, క్రైస్తవుడో కాదు. ఒప్పుకుంటున్నాను.

కానీ పక్కింటివాణ్ణి కొట్టలేదని ఊరంతా డప్పు కొట్టుకుంటూ తిరిగేవాణ్ణి ఏమనాలి? కొట్టకపోవడం కనీస మర్యాద. దానికి శాలువా ఎందుకు? ఆ పక్కింటివాడు ఒకరోజు ఇల్లు ఖాళీ చేసి, తాళంచెవి మన చేతిలో పెట్టి, "మా అమ్మానాన్నల సమాధులు కాస్త చూసుకోండి" అని వెళ్లాడు. చూసుకున్నామా? నేను అడుగుతున్నది అదొక్కటే. దానికి జవాబు కొచ్చిలో దొరకదు. మాళకు వెళ్లాలి.

మాళ కేరళలోని త్రిస్సూర్ జిల్లాలో ఒక చిన్న ఊరు. టూరిస్టు బస్సులు ఆగే ఊరు కాదు. 1955లో ఇక్కడి యూదులు మూటాముల్లె సర్దుకుని, ఏడేళ్ల కిందటే పుట్టిన ఇజ్రాయెల్‌కు బయల్దేరారు. ఎవరూ వెళ్లగొట్టలేదు. తరతరాలుగా ప్రార్థనల్లో తలచుకున్న నేల పిలిచిందని వెళ్లారు. వెళ్లేముందు మాత్రం బుద్ధిమంతులు చేసే పని చేశారు. నోటి మాటను నమ్ముకోకుండా ఊరి పంచాయతీతో కాగితం రాసుకున్నారు. తమ సినగాగ్‌ను, అంటే తెలుగు బైబిలు చదివేవాళ్లకు తెలిసిన సమాజమందిరాన్ని, దాదాపు నాలుగెకరాల శ్మశానాన్ని పంచాయతీకి అప్పగించారు. షరతులు నాలుగు ముక్కల్లో ఇమిడిపోతాయి. సినగాగ్‌ను మరే మతం ప్రార్థనకూ వాడకూడదు. కబేళా చేయకూడదు. శ్మశానాన్ని తవ్వకూడదు. దాన్ని కాపాడాలి.

ఆ కాగితంలో నన్ను పట్టుకుని వదలని మాట "కబేళా". ఆ పెద్దలు కూర్చుని, రాబోయే రోజుల్లో తమ దేవుడి ఇంటికి ఎంత నీచమైన గతి పట్టవచ్చో ఊహించి, అంతకన్నా కిందికి ఆలోచన పోక, ఆ మాట రాయించారు. పాపం, వాళ్ల ఊహకు అందనిది ఒకటుంది. శ్మశానంలో స్టేడియం కట్టవచ్చని వాళ్లకు తోచలేదు.

అవును, స్టేడియమే. తవ్వకూడదని సంతకం పెట్టిన భూమిలో కొంత భాగం మీద ఆటస్థలం లేచింది. ఆ ఊరిలోనే వారసత్వ పరిరక్షణ కోసం ఒక సంఘం పుట్టి, ఇది అన్యాయమని అరిచింది, అర్జీలు పెట్టింది, కొట్లాడింది. వాళ్లలో యూదులు లేరు. అడ్డం పడింది పొరుగువాళ్లే, అప్పగింతను గుర్తుంచుకున్నవాళ్లే. వాళ్లకు నా దండం. ఊరు పేరు నిలబెట్టినవాళ్లు వాళ్లే. మిగిలినవాళ్ల సంగతి శ్మశానాన్ని అడగండి. తరాల తరబడి జనాన్ని పూడ్చిన నాలుగెకరాల్లో ఈరోజు కనిపించే సమాధులు మూడు.

మూడు! నేను వెళ్లినరోజు చినుకులు పడుతున్నాయి. టీ కొట్టాయనను "చేట్టా, జూతపళ్ళి (అన్నా, యూదుల సినగాగ్) ఎక్కడ?" అని నా వచ్చీరాని మలయాళంలో అడిగితే చేత్తో చూపించాడు. శ్మశానం గురించి అడిగితే ఒక క్షణం ఆగి, "గ్రౌండు దగ్గర" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఊళ్లో జనం ఏ పేరు పిలిస్తే ఆయనా అదే పిలుస్తాడు. కానీ ఆ చిన్న జవాబులో మొత్తం కథ ఉంది. శ్మశానం గుర్తుగా ఉండి దాని పక్కన గ్రౌండు వెలిస్తే వేరు. గ్రౌండు గుర్తై, దాని పక్కన శ్మశానం మిగిలింది.

ఇప్పుడు మాళ నుంచి మట్టాంచేరికి రండి. కొచ్చిలో యూదుల వీధి అంటే అందరికీ తెలుసు. 1568లో కట్టిన పరదేశి సినగాగ్, కింద చైనా నుంచి తెచ్చిన నీలిపువ్వుల పింగాణీ పలకలు, పైన వేలాడే గాజు దీపాలు, బయట గడియారపు గోపురం. ఫొటో దిగని తెలుగు టూరిస్టు ఉండడు. దానికి 400 ఏళ్లు నిండినప్పుడు, 1968లో, ప్రధానమంత్రి ఇందిరాగాంధీ స్వయంగా వచ్చారు, తపాలా బిళ్ల విడుదలైంది. మంచిదే. అదే దశాబ్దంలో అదే మట్టాంచేరిలో తెక్కుంభాగం సినగాగ్‌ను నేలమట్టం చేశారు. దానికి ప్రధాని రాలేదు, బిళ్ల వేయలేదు. అదే ఊళ్లో మరొకటి, కడవుంభాగం సినగాగ్. దాని లోపలి చెక్క పనితనమంతా ఊడదీసి జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియానికి తరలించారు. అక్కడ అద్భుతంగా నిలబెట్టారు. ఇక్కడ మిగిలిన ఉత్త గోడలు గోదాముగా మారి, 2019 వానలకు కూలాయి. ప్రాణం జెరూసలేంలో దీపాల కింద ఉంది, కళేబరం మట్టాంచేరి వానలో నానింది.

ఒకదానికి పట్టాభిషేకం, ఇంకోదానికి గునపం. ఎందుకిలా? పలకలు అందంగా ఉన్నందుకా? అదొక్కటే కాదు. లోతుకు వెళ్తే మనకు బాగా పరిచయమైన ముఖమే కనిపిస్తుంది. కులం ముఖం.

కేరళ యూదులందరూ ఒక్కటి కాదు. వందల ఏళ్లుగా అక్కడే పాతుకుపోయి, మలయాళం మాట్లాడి, మిరియాల వ్యాపారం చేసినవాళ్లు మలబారు యూదులు. పోర్చుగల్, స్పెయిన్‌ల వేధింపులు తప్పించుకుని 16వ శతాబ్దంలో వచ్చి చేరినవాళ్లు పరదేశి యూదులు. వచ్చినవాళ్లు ఉన్నవాళ్లను తమతో సమానంగా చూడలేదు. వియ్యం అందుకోలేదు. దొరలు వచ్చి ఒకరికి "తెల్ల యూదులు", మరొకరికి "నల్ల యూదులు" అని పేర్లు తగిలించి పుస్తకాల్లోకి ఎక్కించారు. పరదేశి సినగాగ్‌లోనే బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ల సంతతిని వెనక కూర్చోబెట్టారు. ఆ సంతతిలో పుట్టిన ఏ.బి. సేలం అనే న్యాయవాది దాని మీద సొంత దేవాలయంలోనే సత్యాగ్రహం చేశాడు. యూదుల గాంధీ అని పేరు తెచ్చుకున్నాడు. మన ఊళ్లలో గుడి మెట్ల దగ్గర జరిగిన పోరాటాలకూ దీనికీ తేడా ఎంత చెప్పండి!

లెక్క చూడండి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి కేరళలో యూదులు సుమారు 2,400 మంది. అందులో పరదేశులు వంద మంది చుట్టూ. కేరళలో మొత్తం ఎనిమిది సినగాగ్‌లు ఉండేవి. ఏడు మలబారువాళ్లవి, ఒక్కటి పరదేశులది. లోకం గుర్తుంచుకున్నది ఆ ఒక్కదాన్ని. మాళ, చేందమంగలం, పరవూరు, ఎర్నాకుళం అన్నీ "ఇంకా కొన్ని ఉండేవి" అన్న అరవాక్యంలో కలిసిపోయాయి. బతికి ఉండగా మెట్టు కింద నిలబెట్టినవాళ్లను చనిపోయాక కూడా మెట్టు కిందే నిలబెట్టాం. చిన్న ఊళ్ల చరిత్రను మరిచిపోవడం మతిమరుపు జబ్బు అని నేననుకోను. అది పాత అంటరానితనమే, కొత్త చొక్కా తొడుక్కుంది.

"డబ్బులు ఎక్కడివండీ? ఇన్ని ఊళ్లలో ఇన్ని కట్టడాలు ఎవరు బాగుచేస్తారు?" అని సన్నాయి నొక్కులు నొక్కేవాళ్లకు జవాబు అదే కేరళలో ఉంది. పరవూరు సినగాగ్ శిథిలమైతే ముజిరిస్ వారసత్వ ప్రాజెక్టు కింద బాగుచేసి, కేరళ యూదుల చరిత్ర మ్యూజియంగా తెరిచారు. వీధి వాకిలి దాటి, స్తంభాల నడవ గుండా నడుస్తూ లోపలికి వెళ్తుంటే, కేరళ ఇంటికీ గుడికీ యూదుల ప్రార్థనకూ కుదిరిన పొత్తు కాళ్లకే తెలుస్తుంది. పైన ఆడవాళ్లు కూర్చునే చోటికి ముందు రెండో ప్రార్థనా వేదిక ఉంటుంది. కేరళ సినగాగ్‌ల సొంత సొగసు అది. పరవూరు సినగాగ్ అసలు పవిత్ర మందసం ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంటే, ఇక్కడ నకలు చేయించి పెట్టారు. నకలైనా పెట్టారు. చేయాలనుకుంటే చేయగలరని రుజువైంది. కాబట్టి మాళలో చేయలేదంటే, చేయాలనుకోలేదని అర్థం.

చేందమంగలంలో మరో రుజువు నిలబడి ఉంది. చేనేతకు పేరున్న ఊరు. గుడి, మసీదు, చర్చి, సినగాగ్ ఒకదానికొకటి కేకవేటు దూరంలో ఉంటాయి. బాగుచేసిన సినగాగ్ ముందు ఆరుబయట ఒక రాయి పాతి ఉంది. దాని మీద హీబ్రూ అక్షరాలు. ఇజ్రాయెల్ అనే ఆయన కూతురు సారా సమాధి రాయి అది. ఏడాది 1269. అప్పుడు ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతోంది. భారతదేశంలో దొరికిన హీబ్రూ సమాధి రాళ్లలో అతి పాతది ఇదే. ఏ రాణీ కాని, ఏ కావ్యంలోనూ లేని ఒక మామూలు ఆడమనిషి పేరు, తండ్రి పేరు, ఏడాది. ఏడున్నర శతాబ్దాలు నిలిచింది. ఎవరో ఒకరు ఆ రాయిని పగలగొట్టి పునాదిలో వేయకుండా ఆగారు కాబట్టి నిలిచింది. ఆ రాయి ముందు నిలబడితే నాకు మాళ శ్మశానం గుర్తొచ్చి కడుపు రగిలింది. అక్కడ ఎందరు సారాల పేర్లు మట్టిలో కలిశాయో!

పేర్లు రాళ్ల మీదే ఉండవు. ఆడవాళ్ల నోట్‌బుక్కుల్లోనూ ఉంటాయి. మలబారు యూదుల ఆడవాళ్లు పెళ్లిళ్లకూ పండుగలకూ మలయాళంలో పాటలు కట్టి పాడేవారు. ఆ పాటలను చేతిరాత పుస్తకాల్లోకి ఎక్కించుకుని, ఇజ్రాయెల్ వెళ్తూ నగల్లాగా వెంట తీసుకెళ్లారు. మనవైపు అమ్మమ్మలు మంగళహారతుల పుస్తకం ట్రంకుపెట్టెలో దాచుకున్నట్టే. పండితులు ఆ పుస్తకాలు వెతికి, పాటలు సేకరించి, 2005లో "కార్‌కుళలి" పేరుతో సంపుటి తెచ్చారు కాబట్టి ఆ గొంతులు మిగిలాయి. మగవాళ్లు రాగిరేకులను కాపాడుకున్నారు. వెయ్యేళ్ల కిందట భాస్కర రవివర్మ అనే రాజు జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు 72 గౌరవాలు రాసిచ్చిన రేకులవి. రేకులు పరదేశి సినగాగ్‌లో భద్రంగా ఉన్నాయి. పాటలు ఊళ్ల ఆడవాళ్ల నోళ్లలో ఉన్నాయి. రేకు ఇంకో వెయ్యేళ్లు ఉంటుంది. నోరు ఉండదు. 1955లో పదేళ్ల పిల్ల ఈరోజు ఎనభై దాటిన ముసలమ్మ.

కొంకణ తీరానికి వెళ్తే ఇదే కథ మరో వేషంలో ఎదురవుతుంది. అలీబాగ్, రేవ్‌దండా, పేణ్, పన్వేల్ చుట్టుపక్కల ఊళ్లలో బెనె ఇజ్రాయెల్ అనే యూదులు వందల ఏళ్లు గానుగ ఆడించి బతికారు. శనివారం గానుగ కట్టరు కాబట్టి ఊళ్లో వాళ్లకు "శనివార్ తేలీ" అని పేరు. శనివారపు తెలికలవాళ్లు అన్నమాట. వాళ్ల ఇంటిపేర్లు చూడండి. పేణ్ ఊరివాళ్లు పేణ్‌కర్, కిహీం వాళ్లు కెహీంకర్, రోహా వాళ్లు రోహేకర్. మన ఇంటిపేర్లలో ఊరు దాగినట్టే! ముంబై చేరినా, ఇజ్రాయెల్ చేరినా, మనుషులు ఊళ్లను ఒంటి మీద మోసుకు తిరుగుతున్నారు. ఊళ్లు మాత్రం మనుషులను దులిపేసుకున్నాయి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద యూదులు 4,650 మంది. అంత చిన్న సంఖ్యను చూసి ఏ ఎమ్మెల్యే భయపడతాడు? ఓటు లేనివాడి శ్మశానం ఎవడికి కావాలి?

ఇక ఇద్దరు పెద్దమనుషులు నాతో తగువుకు వస్తారని తెలుసు. ఒకాయన కళ్లెర్రజేసి, "గాజాలో అంత ఘోరం జరుగుతుంటే నీకు యూదుల సమాధులు కావలసి వచ్చాయా?" అంటాడు. అయ్యా, 1269లో కన్నుమూసిన సారా 1948లో పుట్టిన ప్రభుత్వానికి పూచీ ఎలా అవుతుంది? గానుగవాడు బాంబులు వేశాడా? ఒక రాజ్యం చేసే పనికి మలయాళంలో పాటలు కట్టిన ముసలమ్మల మీద కక్ష తీర్చుకోవడం న్యాయమైతే, అన్యాయమంటే ఏమిటో మీరే చెప్పండి.

రెండో ఆయన ఇంకా ఘనుడు. ప్రొఫైలు ఫొటో పక్కన ఇజ్రాయెల్ జెండా పెట్టుకుంటాడు. "వాళ్లను చూసి నేర్చుకోవాలి" అని రోజుకు నాలుగు పోస్టులు పెడతాడు. ఈయన ప్రేమంతా తుపాకుల మీదే. మన మట్టిలోనే పుట్టి, మన భాషల్లోనే ఏడ్చి నవ్విన యూదుల సమాధులను ఆటస్థలం మింగుతుంటే ఈయన నోట ఒక్క ముక్క రాలేదు. యూదుణ్ణి ద్వేషించేవాడికీ, యూదుణ్ణి జెండాగా వాడుకునేవాడికీ ఒకటే అలవాటు. ఇద్దరికీ మాళ ఎక్కడుందో తెలియదు.

"కేరళ గోల మనకెందుకు?" అని తెలుగు పాఠకుడు అడగకముందే ఇంటి సంగతి చెబుతాను. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు లోకానికే వజ్రాలు పెట్టిన రోజుల్లో, లండన్ నుంచి యూదు వర్తకులు మద్రాసుకు పగడాలు తెచ్చి, వజ్రాలు పట్టుకెళ్లేవారు. మద్రాసు జార్జిటౌన్‌లో పగడాల వర్తకుల వీధి ఆ వ్యాపారం పేరునే మోస్తోంది. గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన జాక్వెస్ ద పైవా అనే యూదు వర్తకుడు 1687లో మద్రాసులో పోయాడు. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కిన ఏడాదీ అదే. పైవా సమాధి చెన్నైలో ఉంది. కొల్లూరు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. కోహినూరు మాదేనని అరిచే గొంతులకు ఈ దేశంలో కొదవ లేదు. ఆ రాయి పుట్టిందని చెప్పుకునే ఊరు ఏమైందని అడిగితే అవే గొంతులు నీళ్లు నములుతాయి.

ఇంకాస్త దగ్గరకు రండి. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని దళిత కుటుంబాలు తాము ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటూ, 1980ల చివరి నుంచి యూదు మతం పాటిస్తున్నాయి. సొంత సినగాగ్ కట్టుకున్నాయి. వాళ్ల మూలాల మీద పండితులకు అనుమానాలున్నాయి. ఉండనివ్వండి. శనివారం పొయ్యి వెలిగించని తెలుగు పల్లెటూరి ఇల్లు ఒకటుందన్నది మాత్రం అనుమానం కాదు, కళ్లెదుట ఉన్న చరిత్ర. ఆ చరిత్రలో కులం ఉంది, అవమానం ఉంది, ఆత్మగౌరవం కోసం వెతుకులాట ఉంది. ఈ సంగతి మీద పరిశోధన చేసి "ద జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్" అనే పుస్తకం 2013లో తెచ్చినవాళ్లు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్. అది ఇంగ్లిషులో వచ్చింది. మన పత్రికలకు మాత్రం ఆ ఊరు "గుంటూరులో యూదులా!" అనే వింత వార్త. రెండు తలల దూడ పుట్టినప్పుడు వేసే పేజీలోనే దీనికీ చోటు. పెద్దవాళ్లు గుటుక్కుమన్నాక చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు ప్రత్యేక సంచికలు వేస్తాం. బతికున్నప్పుడు వాళ్ల ముందు ఒక రికార్డరు పెట్టడానికి మనకు తీరిక లేదు.

నేను గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. కొత్త విగ్రహాలు వద్దు, వంద అడుగుల స్తూపాలు వద్దు. మిగిలిన ప్రతి సమాధి రాయికీ ఒక ఫొటో, దాని మీది రాతకు మలయాళంలోనో మరాఠీలోనో తెలుగులోనో ఒక అర్థం, ఆ స్థలం సర్వే నంబరు, చుట్టూ ఒక ప్రహరీ. ఇదీ మొదటి పని. వలస వెళ్లినవాళ్లలో మిగిలిన పెద్దలు ఇజ్రాయెల్‌లో నెవాతిం లాంటి పల్లెల్లో ఉన్నారు. వాళ్ల జ్ఞాపకాలనూ, పాటలనూ వాళ్ల మలయాళంలోనే రికార్డు చేయడం రెండో పని. ఈ రెండోదానికి వాయిదా కుదరదు. మూడోది అన్నిటికన్నా చవక. 1955 నాటి ఆ ఒప్పందాన్ని పెద్ద అక్షరాలతో రాయించి, మాళ శ్మశానం గేటు దగ్గర నిలబెట్టండి. ఆటకు వచ్చే పిల్లలు చదువుతారు. తాము ఎవరి పక్కన ఆడుతున్నారో, తమ తాతలు ఏమని మాటిచ్చారో తెలుసుకుంటారు. పిల్లలకు తెలిస్తే రేపు పెద్దలు గునపం ఎత్తడానికి కొంచెం సిగ్గుపడతారు.

ఇకమీదట ఎవరైనా మైకు ముందు నిలబడి "యూదులను మనం ఏనాడూ హింసించలేదు" అని మొదలుపెడితే చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడి ఒకటే అడగండి. అప్పగించిన నాలుగెకరాల్లో మూడు సమాధులే మిగిలాయేం? దానికి జవాబు చెప్పాక మిగతా ఉపన్యాసం విందాం.